పెన్ను పట్టుకుంటే ముడుచుకుపోయే చెయ్యి: ఒక తెలుగు పండిట్ కేసు

తెల్ల కాగితం ముందుపెట్టి, "సార్, హెడ్‌మాస్టర్‌కి ఒక సెలవు చీటీ రాయండి" అన్నాను. ఆయన పెన్ను తీసుకున్నారు. "గౌరవనీయులైన" వరకు బాగానే సాగింది. "ప్రధానోపాధ్యాయులు" అనే మాటలో మొదటి అక్షరానికి క్రావడి చుట్టబోయేసరికి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. చూపుడు వేలు పెన్ను మీద నుంచి దానంతట అది పైకి లేచిపోయింది. మణికట్టు కిందికి వంగింది. మోచేతి నుంచి చెయ్యంతా బిగిసింది. పెన్ను వదిలేస్తే మూడు సెకన్లలో చెయ్యి మామూలైపోయింది. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ అదే. ఆరు లైన్ల చీటీకి 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది. కింద పెట్టిన కాగితాల బొత్తిలో నాలుగో కాగితం దాకా అచ్చు పడింది. అంతగా నొక్కుతున్నారు.

ఆయన వయసు 47. రంగారెడ్డి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ వైపు. (ఆయన రాతపూర్వక అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.) ఇరవై ఏళ్లుగా రోజూ చేత్తో రాసిన మనిషి. లెసన్ ప్లాన్లు, కాపీ పుస్తకాలు, ఏటా ఏప్రిల్‌లో టెన్త్ స్పాట్ వాల్యుయేషన్. వాల్యుయేషన్‌లోనే మొదలైంది. మూడో రోజు మధ్యాహ్నం నుంచి మార్కులు వేస్తుంటే చెయ్యి పట్టేసినట్టు అనిపించిందట. అలసట అనుకున్నారు. సెలవుల తర్వాత కూడా తగ్గలేదు.

నా దగ్గరికి వచ్చేసరికి నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్ల ఫైలు మందంగా ఉంది. మెడ ఎముకలు అరిగాయని ఒకచోట కాలర్ వేశారు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని ఇంకోచోట ఆపరేషన్ దాకా వెళ్లారు, అదృష్టంకొద్దీ నర్వ్ కండక్షన్ టెస్టు నార్మల్ రావడంతో ఆగింది. ఆ తర్వాత ఒక డాక్టరు "మీకు రోగం ఏమీ లేదు, అంతా టెన్షన్" అని ఆందోళన తగ్గే మాత్రలు రాశారట. అన్నిటికంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. స్కూల్లో కూడా "సార్ రాయడానికి బద్ధకిస్తున్నారు" అనే మాట మొదలైంది. భార్య చెబుతుంటే ఆయన తల వంచుకుని కూర్చున్నారు.

ఈ జబ్బు పేరు రైటర్స్ క్రాంప్. ఒక్క పనికి మాత్రమే పరిమితమయ్యే డిస్టోనియా, అంటే మన ప్రమేయం లేకుండా కండరాలు బిగుసుకుపోవడం. కొత్తదేం కాదు. రోజంతా రాసే గుమాస్తాల్లో దీన్ని ఇంగ్లండ్ వైద్యులు 19వ శతాబ్దంలోనే గమనించారు. 1864లో శామ్యూల్ సోలీ అనే సర్జన్ దీనిని లేఖకుల పక్షవాతంగా వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం ఇది మానసికమనే నమ్మకమే నడిచింది. 1982లో షీహీ, మార్స్‌డెన్ లండన్‌లో ఇలాంటి రోగులను ఒక్కొక్కరిగా పరీక్షించి, ఇది మెదడులో కదలికల వ్యవస్థకు సంబంధించిన డిస్టోనియా అని గట్టిగా వాదించారు. నలభై ఏళ్లు దాటాయి. అయినా మన ఓపీల్లో ఇంకా "టెన్షన్" అనే మాట వినిపిస్తోందంటే, ఈ కేసు రాయాల్సిన అవసరం నాకు అక్కడే కనిపించింది.

పరీక్ష చేస్తే దొరికే ఆధారాలు స్పష్టంగా ఉంటాయి, చూడటానికి పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ఓపీ గదిలో ఉన్న చిన్న బ్లాక్‌బోర్డు మీద రాయమన్నాను. సుద్దముక్కతో అదే సెలవు చీటీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు, క్రావడి, ఒత్తులు, గుడిదీర్ఘాలు అన్నీ. బోర్డు మీద రాసేటప్పుడు భుజం, మోచెయ్యి కదులుతాయి, కాగితం మీద రాసేటప్పుడు వేళ్లు. ఆ రెండు కదలికలకూ మెదడు వేసుకునే పథకాలు వేరు, అందుకే ఒకటి చెడి ఒకటి మిగిలింది. అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం, స్కూటర్ ఎక్సలరేటర్ తిప్పడం అన్నీ మామూలే. ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని రాయమంటే, ఊరికే ఒళ్లో పెట్టుకున్న కుడి చెయ్యి ముడుచుకోవడం మొదలుపెట్టింది. దీన్ని మిర్రర్ డిస్టోనియా అంటాం. నటించేవాళ్లకు ఇది తోచదు. ఇంకొకటి ఆయనే చూపించారు: రాసేటప్పుడు ఎడమ చేతి రెండు వేళ్లు కుడి మణికట్టు మీద ఊరికే ఆనిస్తే బిగింపు సగం తగ్గుతుంది. నొక్కక్కర్లేదు, తాకితే చాలు. డిస్టోనియాలో ఇలాంటి స్పర్శ చిట్కాలు తరచుగా కనిపిస్తాయి. మెదడుకు ఆ చెయ్యి గురించి అందే సమాచారం కాస్త మారితే చాలు, ఆజ్ఞ కూడా మారుతుంది.

విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) లేదని సెరులోప్లాస్మిన్ రక్తపరీక్షతో, కంటి పరీక్షతో తేల్చుకున్నాం. ఎంఆర్ఐ మామూలే. డిస్టోనియా తెప్పించే మందులు ఏవీ వాడలేదు. పార్కిన్సన్స్ లక్షణాలు లేవు.

దీనికి ముందుగా ఇవ్వాల్సిన చికిత్స బొట్యులినం టాక్సిన్ ఇంజెక్షన్. బిగుసుకునే కండరాన్ని దాదాపు మూడు నెలలపాటు బలహీనపరుస్తుంది. ఆయన ఒకసారి వేయించుకునే వచ్చారు. బిగింపు తగ్గింది, కానీ పక్క వేలు కూడా పట్టు తప్పి సుద్దముక్క జారిపోయేదట. "రాయలేకపోయినా పర్లేదు మేడం, బోర్డు మీద రాయలేకపోతే నేను సార్‌నే కాదు" అన్నారు. రెండో ఇంజెక్షన్‌కు ఒప్పుకోలేదు. వాళ్ల బంధువొకరికి పార్కిన్సన్స్‌కు మెదడులో తీగలు పెట్టిన డీబీఎస్ ఆపరేషన్ జరిగిందట, అది తనకు పనికొస్తుందా అని అడిగారు. రైటర్స్ క్రాంప్‌కు జపాన్‌లో మెదడు లోతుల్లో ఉండే థాలమస్ అనే భాగం మీద ఆపరేషన్లు చేసి మంచి ఫలితాలు చూపించినవాళ్లు ఉన్నారు. కానీ చెయ్యి రాతకు తప్ప అన్నిటికీ పనిచేస్తున్న మనిషికి పుర్రె తెరవాలని నాకు అనిపించలేదు. అప్పుడే మా రిసెర్చ్ ప్రోటోకాల్ గురించి చెప్పాను, బయటి నుంచి అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే టీఎంఎస్.

టీఎంఎస్ వెనుక ఉన్నది 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. తీగచుట్టలో కరెంటు ఒక్కసారిగా పారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది పక్కనున్న వాహకంలో కరెంటు పుట్టిస్తుంది. ఇక్కడ ఆ వాహకం మెదడు పైపొర. 1985లో షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ బృందం తల మీద చుట్ట పెట్టి, నొప్పి లేకుండా చేతి కండరాన్ని కదిలించింది. ఎనిమిది అంకె ఆకారపు చుట్ట వాడితే మోటార్ కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో కదలికలకు ఆజ్ఞలిచ్చే భాగం) చేతి భాగాన్ని వెతికి పట్టుకోవచ్చు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనుండే కండరం మీద ఎలక్ట్రోడ్లు అతికించి, ఎడమవైపు తల మీద చుట్టను అర సెంటీమీటర్ చొప్పున జరుపుతూ పోతాం. ఒకచోట వేలు టక్కున ఎగురుతుంది. అదే హాట్‌స్పాట్. ఆ క్షణంలో ఆయన తన వేలిని చూసుకుని, భార్యను చూసి, మళ్లీ వేలిని చూశారు. "నేను కదపలేదు" అన్నారు నెమ్మదిగా. నాలుగేళ్లలో మొదటిసారి, తన చేతికి వచ్చిన కష్టం మెదడులో మొదలవుతుందని ఆయన కళ్లారా చూశారు.

అసలు కొలత దాని తర్వాత. మోటార్ కార్టెక్స్‌లో ఒక కదలికకు ఆజ్ఞ వెళ్లేటప్పుడు పక్క కదలికలను అణచి ఉంచే నరకణాలు ఉంటాయి. చూపుడు వేలు కదలాలంటే మిగతా వేళ్లు ఊరుకోవాలి. ఈ అణచివేతను కొలిచే పద్ధతిని 1993లో కుజిరాయ్ తదితరులు వివరించారు. ముందు ఒక చిన్న పల్స్, రెండు మూడు మిల్లీసెకన్లకు ఒక పెద్ద పల్స్. ఆరోగ్యవంతుల్లో చిన్న పల్స్ వల్ల పెద్ద పల్స్ స్పందన బాగా తగ్గిపోతుంది. 1995లో రిడింగ్ బృందం రైటర్స్ క్రాంప్ వంటి డిస్టోనియా ఉన్నవాళ్లలో ఈ తగ్గుదల తక్కువని చూపించింది. అంటే బ్రేకు వదులైంది. మా పండిట్ గారిలో కూడా అంతే: చిన్న పల్స్ ఇచ్చినా ఇవ్వకపోయినా స్పందన దాదాపు ఒకేలా ఉంది, పదో వంతు కూడా తగ్గలేదు. ఈ ఒక్క రోజు కొలతకే మాకు మూడు గంటలు పట్టింది. ఏసీ స్టెబిలైజర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద రికార్డింగ్‌లో కలిసిపోతుంటే ఏప్రిల్ ఎండలో ఏసీ ఆపేసి కూర్చున్నాం. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. ఇందులో ఒక మాట చెప్పాలి: ఇదే మార్పు డిస్టోనియా లేని పక్క చేతికి సంబంధించిన కార్టెక్స్‌లో కూడా కనిపించవచ్చు, కాబట్టి ఇది జబ్బుకు గుర్తే తప్ప ఈ లక్షణానికి నేరుగా కారణమని చెప్పలేం.

ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న ప్రోటోకాల్ ఇది, రోగి నుంచి డబ్బు తీసుకోం. మూర్ఛ చరిత్ర, పేస్‌మేకర్, తలలో లోహం, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయా అని అడిగి, లేవని రూఢి చేసుకుని చెవులకు ప్లగ్గులు పెట్టాం. తెలుగు సమ్మతి పత్రం ఇస్తే ఆయన చదివి, అందులో రెండు తప్పులు చూపించారు. ఆ పత్రాన్ని సరిచేశాం, ఇప్పటికీ ఆయన దిద్దినదే వాడుతున్నాం.

మొదటి విడతలో మేము వెళ్లింది నేరుగా మోటార్ కార్టెక్స్ మీదికే. సెకనుకు ఒక పల్స్ చొప్పున, మోటార్ థ్రెషోల్డ్‌లో (కండరం స్పందించడానికి కనీసం కావలసిన బలం) 90 శాతం బలంతో, 20 నిమిషాలు, ఐదు రోజులు. సెకనుకు ఒకటి లాంటి నెమ్మది వేగం కార్టెక్స్ చురుకుదనాన్ని తగ్గిస్తుందని, పావుగంట ఇస్తే ఆ ప్రభావం కనీసం మరో పావుగంట నిలుస్తుందని 1997లోనే తేలింది. 1999లో సీబ్నర్ బృందం రైటర్స్ క్రాంప్ రోగుల్లో మోటార్ కార్టెక్స్ మీద ఇదే ప్రయత్నించి కొందరిలో రాత మెరుగైందని చెప్పింది. మా ల్యాబులోనూ అలాగే కనిపించింది. సెషన్ అయిన వెంటనే రాయిస్తే పెన్ను మీద ఒత్తిడి తగ్గేది. అణచివేత కొలత కూడా కొంత మెరుగైంది. సంతోషంగా ఇంటికి పంపేవాళ్లం, "ఇంట్లో కొంచెం ప్రాక్టీస్ చేయండి సార్" అని.

ఐదు రోజుల తర్వాత కొలిస్తే మొదటి రోజు ఉన్నంతే ఉంది. ఒత్తిడి ఇంకాస్త పెరిగింది కూడా.

ఏం జరిగిందో ఆయన భార్య చెప్పారు. ఆశ ఆపుకోలేక ఆయన రోజూ మెట్రోలో కూర్చోగానే సంచిలోంచి నోట్‌బుక్ తీసి, బాగైందో లేదో చూసుకోవడానికి, వీలైనంత వేగంగా, పాత పట్టుతోనే రాసేవారట. ఇంటికి వెళ్లాక కూడా గంటసేపు. తప్పు ఆయనది కాదు, నాది. "ప్రాక్టీస్ చేయండి" అని ఊరుకున్నాను, ఏది, ఎలా అనేది చెప్పలేదు. డిస్టోనియా ఉన్నవాళ్ల కార్టెక్స్ అవసరానికి మించి నేర్చుకుంటుందని, కలిసి వచ్చిన ప్రతి ప్రేరణనూ అతిగా ముద్రించుకుంటుందని క్వార్టరోన్ బృందం 2003లో చూపించింది. 1996లో బిల్, మెర్జెనిచ్‌లు కోతుల చేత ఒకే పట్టు కదలికను వేలసార్లు చేయించినప్పుడు, వాటి స్పర్శ కార్టెక్స్‌లో వేళ్ల సరిహద్దులు చెరిగిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ, మెదడు కొత్తది నేర్చుకోవడానికి వీలుగా ఉన్న ఆ కాస్త వ్యవధిని పాత తప్పునే మళ్లీ ముద్రించుకోవడానికి వదిలేశాను. ఆ వారం నోట్స్ మళ్లీ చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

రెండో విడతకు రెండు విషయాలు మార్చాం. మొదటిది, చోటు. 2005లో మురాసే బృందం తొమ్మిది మంది రోగుల్లో కదలికలతో సంబంధమున్న మూడు చోట్లను, ప్రీమోటార్ కార్టెక్స్, మోటార్ కార్టెక్స్, సప్లిమెంటరీ మోటార్ ఏరియాలను పోల్చి చూసింది. రాత మెరుగైంది ప్రీమోటార్ మీద ఇచ్చినప్పుడే. కదలికను ఎలా చెయ్యాలో సిద్ధం చేసి మోటార్ కార్టెక్స్‌కు అందించేది ప్రీమోటారే కాబట్టి, అక్కడ తగ్గిస్తే మేలనేది సబబుగానే తోచింది. హాట్‌స్పాట్‌కు సుమారు 2 సెంటీమీటర్లు ముందుకు చుట్టను జరిపాం. రెండోది, సెషన్ అవగానే ల్యాబులోనే, ఫిజియోథెరపిస్ట్ కళ్లెదుటే, నలభై నిమిషాలు కొత్తగా రాయడం నేర్పడం. ఇంట్లో పాత పెన్నుతో రాయకూడదని గట్టిగా చెప్పాం.

ఇంకా ఒక నియమం పెట్టుకున్నాం. ఒక వారం నిజమైన చుట్ట, ఒక వారం ఉత్తుత్తి చుట్ట. శబ్దం అలాగే వస్తుంది, తల మీద కాస్త తట్టినట్టు ఉంటుంది, మెదడుకు ఏమీ అందదు. మధ్యలో మూడు వారాల విరామం. ఏది ముందో టెక్నీషియన్ చీటీ తీసి నిర్ణయించారు, నాకూ పండిట్ గారికీ చెప్పలేదు. ఉత్తుత్తి వారంలోనూ నేర్పడం అదే స్థాయిలో ఉండాలి. రాసే వీడియోలను, ఏ వారానివో తెలియని ఒక సహోద్యోగి చూసి మార్కులు వేశారు.

నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలో మా ఫిజియోథెరపిస్ట్ చెప్పారు: పళ్లెంలో బియ్యం. పెన్ను లేని వేలితో, బియ్యంలో, అంగుళం ఎత్తు అక్షరాలు. పళ్లెం చూడగానే ఆయన గొంతు మారింది. "మా పిల్లలిద్దరికీ బాసరలో ఇలాగే దిద్దించాను మేడం. మళ్లీ నాకే అక్షరాభ్యాసమా" అన్నారు. అని, వేలు బియ్యంలో పెట్టి "ఓ" రాశారు. వేలు వణకలేదు. మొదటి రెండు రోజులు బియ్యమే. మూడో రోజు లావుపాటి స్కెచ్ పెన్ను, దాన్ని చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఇరికించి, భుజం నుంచి కదుపుతూ, చార్టు మీద పెద్ద అక్షరాలు. బిగింపు మొదలవగానే ఆపాలి, బిగింపు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. ఇదే ఆయనకు అన్నిటికంటే కష్టమైంది. వాక్యం మధ్యలో ఆపడం ఆయన వల్ల కాదు. నాలుగో రోజుకు అలవాటు చేసుకున్నారు. క్రావడిని ఎప్పటిలా కింద నుంచి చుట్టకుండా, చెయ్యి మొత్తం జరిపి రెండు ముక్కలుగా వేయడం ఆయనే కనిపెట్టుకున్నారు.

చీటీ విప్పి చూస్తే మొదటి వారం ఉత్తుత్తిదని తేలింది. ఆ వారం చివర సెలవు చీటీ 3 నిమిషాల 20 సెకన్లలో రాశారు, అచ్చు మూడో కాగితం దాకా పడింది. అంటే కేవలం నేర్పడం వల్ల, నమ్మకం వల్ల కూడా మార్పు వచ్చింది, దాన్ని తక్కువ చేయను. నిజమైన చుట్ట వారం తర్వాత 2 నిమిషాల 35 సెకన్లు, అచ్చు రెండో కాగితం దాకానే. వీడియో మార్కులు కూడా ఆ వారానికే ఎక్కువ. అణచివేత కొలతలో మాత్రం రెండు వారాల మధ్య తేడా చిన్నది, చేతి రాతలో కనిపించినంత కాదు.

ఈ తేడాలో ఎంత అయస్కాంతం వల్ల, ఎంత రెండో వారం సహజంగానే చేయి తిరగడం వల్ల అనేది ఒక్క రోగితో తేల్చలేం. ఉత్తుత్తి వారం ముందు రావడం మా దురదృష్టం, వరస తిరగబడి ఉంటే కొంత స్పష్టత వచ్చేది. నా అంచనా ఇది: ఒంటరిగా అయస్కాంతం ఈయనకు నిలిచే మేలేమీ చేయలేదు, అది మొదటి విడతలోనే కనిపించింది. నేర్పడం కొంత చేసింది. రెండూ ఒకే గంటలో జరిగినప్పుడు ఎక్కువ జరిగింది. అందుకే "టీఎంఎస్‌తో అన్నీ నయం" అని బోర్డులు పెట్టే చోట్ల వేలకు వేలు కట్టి, ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుని ఇంటికి వెళ్లిపోయే డిస్టోనియా రోగులను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ జబ్బుకు ఇది ఇంకా పరిశోధనే. తోడుగా చెయ్యికి నేర్పేవాళ్లు లేకపోతే ఆ డబ్బు వృథా, ఒక్కోసారి మా మొదటి విడతలాగా నష్టం కూడా.

మూడు నెలల తర్వాత 2 నిమిషాల 50 సెకన్లు. ఆరు నెలలకు 3 నిమిషాలు దాటింది, బిగింపు పావుగంట రాశాక మొదలవుతోంది. మొదట రెండో మాటకే మొదలయ్యేది. దుష్ప్రభావాల్లో రెండు రోజులు తలనొప్పి తప్ప ఏమీ లేదు. ప్రశ్నపత్రాలు ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడి టైప్ చేయిస్తున్నారు. జబ్బు ఏమిటో వివరిస్తూ నేనిచ్చిన ఉత్తరం చూశాక, హెడ్‌మాస్టర్ రిజిస్టర్లు రాసే పని ఇంకొకరికి అప్పగించారు. బోర్డు పని యథాప్రకారం ఆయనదే.

స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లాలని ఆయన పట్టుదల. మానేయమని నేను చెప్పాను, వినలేదు. చివరికి రోజుకు సగం పేపర్లే తీసుకోవడానికి ఒప్పుకున్నారు, ప్రతి పావుగంటకూ పెన్ను కింద పెట్టాలన్న షరతు మీద. దానికి ముందు మార్చిలో మరో ఐదు రోజుల విడత పెట్టుకున్నాం. బియ్యం పళ్లెం ల్యాబులోనే ఉంచమన్నారు.